నెల్లూరు పశ్చిమ సీమ, పరిసర ప్రాంతాల కుమ్మరి కళ: జంతురూప నిర్మాణం, అభ్యాసక్రమం - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు నెల్లూరు జిల్లా పశ్చిమ భాగంలో వెలికొండల దిగువన విస్తరించిన మెట్టసీమ. ఈ సీమకు పడమట కడప జిల్లా శంఖవరం, దక్షిణాన వెంకటగిరి, తూర్పున నెల్లూరు ఉన్నాయి. శంఖవరంలో జంతు ఆకృతి గల ప్రాచీన మృణ్మయ శవపేటిక దొరికింది. వెంకటగిరిలో నేటికీ పోలేరమ్మ మట్టి ప్రతిమ ఏటా కుమ్మరి ఇంట రూపుదిద్దుకుంటుంది. తిక్కనకు లేఖకుడుగా కుమ్మరి గురునాథుణ్ణి నెల్లూరు సంప్రదాయం స్మరిస్తుంది. ఈ ఆధారాలతో మట్టిలో జంతురూపాలను మలచడం, అలంకరించడం అనే విద్య ఒక తరం నుంచి మరో తరానికి ఎలా చేరిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఈ విద్య నిలిచింది వస్తువుల మన్నిక వల్ల కాదని, ఏటా తిరిగి చేయవలసిన అవసరం వల్లనని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: కుమ్మరి, సారె, ఆవం, మృణ్మయ శిల్పం, శాలివాహన గాథ, ఉదయగిరి, పోలేరమ్మ జాతర, అభ్యాసక్రమం.

1. ఉపోద్ఘాతం

క్రీ.శ. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకున్నాడు. కోటలోని బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, అక్కడ నిర్మించిన కృష్ణాలయంలో 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం రాతిది కనుక ప్రయాణం చేయగలిగింది, దాని ప్రతిష్ఠను శాసనం నమోదు చేసింది, నేటి పరిశోధకుడికి తేదీతో సహా అందుబాటులో ఉంది. అదే కాలంలో అదే సీమ గ్రామాలలో వాడుకలో ఉన్న కుండలకు, బానలకు, మట్టి బొమ్మలకు ఇటువంటి చరిత్ర లేదు. వాటిని చేసినవారి పేర్లు ఏ శాసనంలోనూ చోటు చేసుకోలేదు. పగిలిన పాత్ర పెంకుగా మిగిలింది. కాల్చని బొమ్మ వానకు కరిగిపోయింది.

దీనివల్ల మృణ్మయ కళాచరిత్ర రెండు విధాలుగా పరిమితమైంది. మొదటిది, తవ్వకాలలో దొరికిన పెంకులను రంగు, పూత, అంచు ఆకృతులను బట్టి వర్గీకరించి కాలనిర్ణయానికి వాడుకోవడం. రెండవది, కుమ్మరిని గ్రామవృత్తుల జాబితాలో ఒకడుగా పేర్కొని వదిలివేయడం. మొదటి పద్ధతిలో వస్తువు ఉంటుంది గాని చేసిన చేయి కనిపించదు. రెండవ పద్ధతిలో కులం ఉంటుంది గాని విద్య కనిపించదు. ఒక బాలుడు మట్టిని ముట్టుకున్న రోజు నుంచి సొంతంగా ఏనుగునో గుర్రాన్నో నిలబెట్టగలిగే రోజు వరకు ఏమి నేర్చుకుంటాడు, ఎవరి వద్ద నేర్చుకుంటాడు, ఏ సందర్భం కోసం నేర్చుకుంటాడు అనే ప్రశ్నలు ఈ రెండింటి మధ్య జారిపోయాయి.

ఈ వ్యాసంలో జంతురూప మృత్కళ అనే మాటను మూడు అర్థాలలో గ్రహించడమైంది. పూర్తిగా జంతువు ఆకారంలో ఉండే బొమ్మ లేదా మొక్కుబడి విగ్రహం ఒకటి. జంతువు ఆకృతిని సంతరించుకున్న పాత్ర లేదా పేటిక రెండవది. పాత్ర ఉపరితలంపై గీతగా, ముద్రగా, అతుకుగా కనిపించే జంతుచిత్రం మూడవది. ఈ మూడింటికీ కావలసిన నైపుణ్యాలు వేరువేరు గనుక వాటి అభ్యాసం కూడా వేరువేరుగానే సాగుతుంది.

2. ప్రాంత పరిచయం: చెరువు, మట్టి, పశువు

ఉదయగిరి కొండ ఎత్తు సముద్రమట్టానికి 3 వేల అడుగులకు పైగా ఉంటుంది. వెలికొండలు నెల్లూరు, కడప జిల్లాలకు సహజమైన సరిహద్దు. ఈ కొండలను చీల్చుకొని పెన్నానది సోమశిల వద్ద మైదానంలోకి ప్రవేశిస్తుంది. తూర్పు డెల్టాలో వరి పండే నల్లనేలలు ఉండగా, పశ్చిమాన ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలలో వర్షాధారపు మెట్టపొలాలు, పశువుల మేతబీళ్లు, చెరువులు జీవనాధారాలు.

కుమ్మరి వృత్తికి చెరువుతో ఉన్న సంబంధం విడదీయరానిది. వాననీటితో కొట్టుకొచ్చిన సన్నని ఒండ్రు చెరువు అడుగున పేరుకుంటుంది. వేసవిలో నీరు ఇంకినప్పుడు కుమ్మరికి అదే ముడిసరుకు. ఈ కోణంలో పోరుమామిళ్ల చెరువు శాసనం గమనించదగినది. శకవర్షం 1291, అంటే క్రీ.శ. 1369 నాటి ఈ శాసనం, ఉదయగిరి నుంచి పాలన సాగించిన మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు చెరువు కట్టించిన వైనాన్ని వివరిస్తుంది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, 6 దోషాలను కూడా పేర్కొంటుంది. గట్టి బంకనేల ఆ అంగాలలో ఒకటి. రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేసినట్లు అదే శాసనం చెబుతుంది. ఉదయగిరి రాజ్యపు పాలకులు సాగునీటి కోసం చెరువులు తవ్వించారు. ఆ చెరువుల గర్భంలో చేరిన ఒండ్రు కుమ్మరికి తరతరాల ముడిసరుకుగా ఉపయోగపడి ఉంటుందని ఊహించడం అసమంజసం కాదు. ఆత్మకూరు సమీపంలోని అనంతసాగరం వంటి పెద్ద చెరువులు ఈ సీమలో చెరువు సంస్కృతి ఎంత బలంగా వేళ్లూనుకున్నదో తెలియజేస్తాయి.

ముడిసరుకు మట్టి అయితే, నమూనా పశువు. ఒంగోలు జాతిగా ప్రసిద్ధమైన పశువులకే నెల్లూరు జాతి అనే పేరు కూడా ఉంది. ఈ జాతి బ్రెజిల్ దేశంలో నేటికీ 'నెలోర్' అనే పేరుతోనే వ్యవహారంలో ఉంది. ఎత్తైన మూపురం, వేలాడే గంగడోలు, పొట్టి కొమ్ములు గల ఈ ఎద్దు గ్రామబాలలకు రోజూ కళ్లముందు తిరిగే ఆకృతి. మట్టిముద్దను వేళ్లతో నొక్కి మూపురం తేల్చగానే అది ఎద్దు అవుతుంది. బాలుడు తొలిసారి చేసే జంతువు ఎద్దు కావడంలో ఈ సౌలభ్యం ఉంది. గుర్రం, ఏనుగు అలా కావు. అవి రాచరికపు జంతువులు, దేవతల వాహనాలు. వాటిని చేయడానికి ఒక సందర్భం, ఒక అనుమతి, ఎక్కువ నైపుణ్యం కావాలి.

3. పురావస్తు ఆధారాలు

దక్కను నవీన శిలాయుగ సంస్కృతి పశుపోషణ మీద ఆధారపడింది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరు బూడిదకుప్పలో ఎఫ్. ఆర్. ఆల్చిన్ 1957లో జరిపిన తవ్వకంలో పశువుల గిట్టల ముద్రలు బయటపడ్డాయి. పశువుల దొడ్లలో పేడకుప్పలు తగలబడి బూడిదదిబ్బలు ఏర్పడ్డాయని ఆయన నిరూపించాడు. ఆ సంస్కృతికే చెందిన పిక్లిహాల్ వంటి స్థలాలలో మూపురం గల పశువుల మట్టిబొమ్మలు లభించాయి, అక్కడి బండలమీద పశువుల రేఖాచిత్రాలు కూడా ఉన్నాయి. ఆ బొమ్మలు అరచేతిలో ఇమిడేవి, సారెతో పనిలేనివి. అంటే మట్టిలో పశురూపం చేయడం కుమ్మరి చక్రం మీద ఆధారపడని ప్రాచీన విద్య.

ఇదే కాలపు పాత్రలమీద అలంకరణ తీరు వేరు. కర్నూలు ప్రాంతపు పాతపాడు చిత్రిత మృణ్మయాలలో ఎక్కువగా కనిపించేవి గీతలు, వలలు, జ్యామితీయ ఆకృతులు. మధ్యభారతంలోని నవదాటోలిలో దొరికిన మాళవ మృణ్మయాలమీద జింకలు, నెమళ్లు వంటి రూపాలు చిత్రితమయ్యాయి. ఈ పోలికను బట్టి తెలుగుసీమలో జంతువు పాత్ర ఉపరితలం మీద కంటె విడిబొమ్మగానే ఎక్కువగా ఎదిగిందని భావించవచ్చు. అంటే ఇక్కడి అభ్యాసకుడు కుంచె పట్టడానికి ముందు ముద్ద పట్టడం నేర్చుకున్నాడు.

బృహత్ శిలాయుగంలో ఒక పెద్ద మార్పు వచ్చింది. కడప జిల్లా శంఖవరంలో దొరికి, చెన్నై ప్రభుత్వ మ్యూజియానికి చేరిన మృణ్మయ శవపేటిక జంతువు ఆకృతిలో ఉంది. దక్షిణాది సమాధులలో అనేక కాళ్లు గల మట్టిపేటికలు సాధారణంగా కనిపిస్తాయి. శంఖవరం పేటికలో ఆ కాళ్లమీద నిలిచిన దేహానికి తల కూడా చేరింది. దీనిని మతవిశ్వాసాల కోణంలో చర్చించినవారు ఉన్నారు. నిర్మాణకోణంలో కూడా దీనికి అంత ప్రాముఖ్యం ఉంది. మనిషి ఎముకలు పట్టేంత పెద్ద బోలు దేహాన్ని మలచాలి, దాన్ని అనేక బోలుకాళ్లమీద నిలపాలి, తడి ఆరేటప్పుడు కీళ్ల వద్ద పగలకుండా చూడాలి, మొత్తాన్ని సమంగా కాల్చాలి. తమిళనాట అయ్యనారుకు మొక్కుబడిగా నిలిపే పెద్ద మట్టిగుర్రాల నిర్మాణంలో కుమ్మరికి ఎదురయ్యే సమస్యలు సరిగ్గా ఇవే. రెండింటి మధ్య అవిచ్ఛిన్నమైన పరంపర ఉందని చెప్పడానికి ఇది చాలదు. అయితే అంత పెద్ద పేటికను ఎవరూ తొలిప్రయత్నంలో చేయలేరు. దాని వెనుక చిన్న పాత్రల నుంచి పెద్ద పాత్రలకు, పాత్రల నుంచి అతుకుపనికి సాగిన శిక్షణ ఉండి తీరాలి. శంఖవరం పేటిక వెలికొండల ఆవలి సీమలో అటువంటి శిక్షణకు మిగిలిన భౌతికసాక్ష్యం.

శాతవాహనుల కాలం నాటికి మూస రంగప్రవేశం చేసింది. తెలంగాణలోని కొండాపురంలో నిజాం ప్రభుత్వ పురావస్తుశాఖ 1940 దశకం తొలినాళ్లలో జరిపిన తవ్వకాలలో తెల్లని సుద్దమట్టితో రెండు మూసల మధ్య అచ్చుపోసిన బొమ్మలు దొరికాయి. ముందుభాగానికి ఒక అచ్చు, వెనుకభాగానికి ఒక అచ్చు తీసి రెంటినీ అతికించడం ఈ పద్ధతి. దీనివల్ల అభ్యాసం స్వరూపమే మారింది. రూపాన్ని ఊహించి మలిచే నేర్పు మూసను చెక్కిన ఒక్కరిదిగా మిగిలింది. మట్టిని మూసలో నొక్కి తీసే పనిని ఎవరైనా కొద్దికాలంలో నేర్చుకోవచ్చు. రూపకర్త, తయారీదారు అనే విభజన ఇక్కడే మొదలైందని చెప్పవచ్చు. నేటి కాలంలో ప్లాస్టర్ విగ్రహాల తయారీలో కనిపించే విభజనకు ఇది దూరపు పూర్వరూపం.

4. నిర్మాణవిధానం, అభ్యాసక్రమం

బైద్యనాథ్ సరస్వతి, నబకిశోర్ బెహురా కలిసి భారత మానవశాస్త్ర సర్వేక్షణ సంస్థ పక్షాన 1966లో వెలువరించిన గ్రంథం భారతదేశపు గ్రామీణ కుమ్మరుల పనితీరును దేశవ్యాప్తంగా నమోదు చేసింది. అటువంటి పరిశీలనల వెలుగులో కుమ్మరి కుటుంబాలలో సాధారణంగా కనిపించే అభ్యాసక్రమాన్ని ఐదు దశలుగా విభజించవచ్చు.

4.1 మట్టిని ఎరగడం: చెరువు మట్టిని ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి, రాళ్లు, వేళ్లు ఏరి, నానబెట్టి, కాళ్లతో తొక్కడం మొదటి పని. పిల్లలు ప్రవేశించేది ఇక్కడే. ఇసుక ఎంత కలపాలి, తడి ఎప్పుడు సరిపోయింది అనేవి పాదానికి తెలియాలి. చెప్పి నేర్పలేని ఈ జ్ఞానం ఏళ్ల తరబడి తొక్కగా వస్తుంది. కుండమట్టి, బొమ్మమట్టి ఒకటి కావు. మందమైన బొమ్మకు ఊకనో గడ్డినో పేడనో కలుపుతారు. కాల్చినప్పుడు అవి మండిపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఆవిరి బయటికి పోవడానికి అవే దారులు.

4.2 ఆటబొమ్మ: మిగిలిన మట్టితో పిల్లలు ఎద్దులు, పిట్టలు, బండ్లు చేయడం ఏ కుమ్మరి వాడలోనైనా కనిపించే దృశ్యం. పెద్దలు దీన్ని శిక్షణగా భావించరు. కాని మట్టి ఎంత వంగుతుందో, ఎంత సాగదీస్తే తెగుతుందో, సన్నని కాలు లావైన దేహాన్ని మోయలేక ఎలా కుంగిపోతుందో బాలుడికి తెలిసేది ఈ ఆటలోనే. నష్టం లేని వైఫల్యాలు ఇక్కడ ఎన్నైనా జరగవచ్చు.

4.3 సారె: ఒకే ముద్ద పైభాగం నుంచి వరుసగా ప్రమిదలు, మూకుళ్లు తీయడంతో సారె అభ్యాసం మొదలవుతుంది. ముద్దను చక్రం నడిమధ్యకు చేర్చడమే అసలు పరీక్ష. నడిమధ్య కుదరని ముద్ద ఎంత బలం పెట్టినా కుండ కాదు. ప్రమిద నుంచి ముంతకు, ముంత నుంచి కడవకు, కడవ నుంచి బానకు పరిమాణం పెరిగేకొద్దీ అభ్యాసకాలం పెరుగుతుంది.

4.4 తట్టి పెంచడం: సారెపై తీసిన పాత్ర అడుగు తెరిచే ఉంటుంది, గోడ మందంగా ఉంటుంది. కొంచెం ఆరిన తరువాత లోపల గుండ్రాయి పట్టి, బయట చదునైన కొయ్యచెక్కతో తడుతూ గోడను పలుచన చేసి అడుగును మూస్తారు. చెవి ఇక్కడ గురువు. మందం సమంగా ఉన్నచోట శబ్దం ఒకలా, తేడా ఉన్నచోట మరొకలా వినిపిస్తుంది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలోని కుమ్మర గుండయ్య కుండలు వాయిస్తుంటే శివుడు నాట్యమాడాడనే కథకు ఈ తట్టుడు లయే ఆధారమై ఉంటుందనిపిస్తుంది.

4.5 అతుకుపని: జంతురూపం పై నాలుగు దశలనూ కలుపుకొంటుంది. బంకూరా గుర్రాన్ని చేసే పాంచ్‌ముడా కుమ్మరులు కాళ్లు, దేహం, మెడ, తల భాగాలను సారెపై వేరువేరుగా తీసి, కొంత ఆరనిచ్చి అతుకుతారు. చెవులు, తోక విడిగా చేసి తరువాత అమర్చుతారు. అతికే రెండు భాగాలలోనూ తడి ఒకే స్థాయిలో ఉండాలి. ఒకటి ఎక్కువ ఆరితే రెండవది కుంచించుకొనేటప్పుడు అతుకు చీలుతుంది. నెత్తి, చెవులు, కళ్లెం, గంటలు వంటి అలంకారాలు చివరిలో చేరతాయి. మట్టితాడును అంటించడం, పుల్లతో గీయడం, వేలితో నొక్కడం, అచ్చువేయడం అలంకరణలో ప్రధాన పద్ధతులు. ఎర్రమట్టి పూతను కాల్చకముందే పూస్తారు, సున్నం, కావి వంటివి కాల్చిన తరువాత అద్దుతారు.

ఆవం పేర్చడం ఈ విద్యకు ముగింపు పరీక్ష. మట్టిలో మిగిలిన తడి 100 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆవిరవుతుంది. అందువల్ల తొలిగంటలలో మంట మందంగా ఉండాలి. బొమ్మ దేహానికి రంధ్రం విడవకపోతే లోపల చిక్కుకున్న ఆవిరి దానిని పగులగొడుతుంది. 573 డిగ్రీల వద్ద ఇసుకలోని స్ఫటికం హఠాత్తుగా వ్యాకోచిస్తుంది. వేడి అసమానంగా తగిలిన బొమ్మ కాలో మెడో ఇక్కడే బీటవేస్తుంది. గాలి ధారాళంగా తగిలితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, ఆవాన్ని మూసి పొగ బిగిస్తే నల్లబడుతుంది. ఉష్ణమాపకం లేని కుమ్మరి ఈ దశలన్నింటినీ మంట రంగును, పొగ వాసనను బట్టి గుర్తిస్తాడు.

స్త్రీల శ్రమను ఈ క్రమంలో ప్రత్యేకంగా పేర్కొనాలి. దేశంలోని అనేక ప్రాంతాలలో సారె ముట్టడం పురుషులకే పరిమితమైనా, మట్టి సిద్ధం చేయడం, పూత పూయడం, రంగులద్దడం, ఆవానికి వంటచెరకు సమకూర్చడం, అమ్మకం స్త్రీల చేతిమీదుగానే సాగాయి. జంతురూపాల అలంకరణ చరిత్ర గణనీయంగా వీరి చరిత్ర.

5. సాహిత్య, ఐతిహ్య సాక్ష్యాలు

కుమ్మరి అభ్యాసాన్ని నేరుగా వర్ణించిన శాస్త్రగ్రంథం లేకపోయినా, విక్రమార్క కథాచక్రంలోని శాలివాహన గాథ ఈ విషయంలో విలువైన సాక్ష్యం. ప్రతిష్ఠానపురంలో కుమ్మరి ఇంట పెరిగిన బాలుడు శాలివాహనుడు. అతడు మట్టితో ఏనుగులు, గుర్రాలు, సైనికులను చేసి ఆడుకొనేవాడు. విక్రమార్కుడు దండెత్తి వచ్చినప్పుడు నాగరాజు అనుగ్రహంతో ఆ మట్టిసేనకు ప్రాణం వచ్చి, విక్రమార్కుణ్ణి ఓడించింది.

ఈ గాథను చారిత్రకులు శకారంభ సమస్యకు ముడిపెట్టి చర్చించారు. అభ్యాసచరిత్ర దృష్టితో చూస్తే ఇందులో మూడు అంశాలు స్పష్టమవుతాయి. మొదటిది, కుమ్మరి ఇంటి పిల్లలు జంతురూపాలతో ఆడుకోవడం కథకుడికి, శ్రోతలకు బాగా పరిచితమైన దృశ్యం. అది పరిచితం కాకపోతే కథ నమ్మదగినదయ్యేది కాదు. రెండవది, బాలుడు చేసినవి కుండలు కావు, ఏనుగులు, గుర్రాలు. కుమ్మరి కళలో అవసరానికి మించిన సృజన జంతురూపంలోనే వ్యక్తమవుతుందనే గ్రహింపు ఇందులో ఉంది. మూడవది, మట్టిబొమ్మకు, ప్రాణానికి మధ్య ఉన్న దూరం. కుమ్మరి రూపం ఇస్తాడు, ప్రాణం మరొకరు పోయాలి. జాతర ప్రతిమల విషయంలోనూ ఇదే విభజన పాటింపులో ఉండడం తరువాతి భాగంలో కనిపిస్తుంది.

విజయనగర కాలపు శాసనాలు కాలాన్ని శాలివాహన శకంలో పేర్కొన్నాయి. క్రీ.శ. 78తో మొదలయ్యే ఈ శకం పేరు ద్వారా కుమ్మరి ఇంట పెరిగిన కథానాయకుడు రాజశాసనాల తొలి పంక్తులలోకి ప్రవేశించాడు. కుమ్మరులు ఆ పేరును తమదిగా నిలుపుకున్నారు. ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల జాబితాలోని 'బి' వర్గంలో కుమ్మర, కులాల పేర్లతో పాటు శాలివాహన అనే పేరు కూడా నమోదై ఉంది. ఒక సమాజం తన విద్యకు గౌరవాన్ని వెదుక్కున్నప్పుడు మట్టి ఏనుగులతో ఆడిన బాలుడి కథను ఎన్నుకోవడం అర్థవంతమైన విషయం.

నెల్లూరు సంప్రదాయంలో మరొక కథ ఉంది. తిక్కన భారతరచనకు కుమ్మరి గురునాథుడు లేఖకుడు. కవి ఆగకుండా చెప్పాలి, లేఖకుడు తిరిగి అడగకుండా రాయాలి అనేది నియమం. చారిత్రకత మాట ఎలా ఉన్నా, తడబడని చేతిని, ఏకాగ్రతను ఈ కథ కుమ్మరికి ఆపాదించింది. కుమ్మరి మొల్లగా లోకం పిలుచుకున్న కవయిత్రి గోపవరం నెల్లూరు సీమదా, బద్వేలు సమీపంలోనిదా అనే చర్చ సాహిత్యచరిత్రలో సుపరిచితమే. బద్వేలు, ఆత్మకూరులు వెలికొండలకు చెరో వైపున ఉన్న ఇరుగుపొరుగు సీమలు. ఈ సీమల జ్ఞాపకంలో కుమ్మరి అక్షరానికి దూరమైనవాడు కాడు. అయినా మట్టివిద్య మాత్రం అక్షరంలోకి ఎక్కలేదు. చేతితో నేర్చే విద్యకు పుస్తకం అవసరమని ఎవరికీ తోచకపోవడమే ఇందుకు కారణం కావచ్చు.

6. ఆచారం అభ్యాసానికి ఆధారం

ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన దక్షిణభారత కులవృత్తుల గ్రంథం, హెన్రీ వైట్‌హెడ్ 1916లో వెలువరించిన దక్షిణభారత గ్రామదేవతల గ్రంథం కుమ్మరికి గ్రామదేవతారాధనలో ఉన్న స్థానాన్ని నమోదు చేశాయి. కుమ్మరి పాత్రలు చేసేవాడు మాత్రమే కాదు, చాలాచోట్ల దేవత ప్రతిమను మలిచేవాడు, కొన్నిచోట్ల పూజారి కూడా. తమిళనాట అయ్యనారు గుర్రాలను చేసే వేళార్లు ఈ రెండు పాత్రలనూ నిర్వహిస్తారు.

వెంకటగిరి పోలేరమ్మ జాతర ఈ సంబంధానికి సజీవమైన ఉదాహరణ. పూర్వపు నెల్లూరు జిల్లాలో ఉండి, 2022 పునర్విభజనలో తిరుపతి జిల్లాలో చేరిన ఈ పట్టణంలో వినాయక చవితి తరువాత జాతర జరుగుతుంది. అమ్మవారి మట్టి ప్రతిమ కుమ్మరుల ఇంట తయారవుతుంది. అది ఆమె పుట్టినిల్లు. అక్కడి నుంచి ప్రతిమ రజకుల వాడకు చేరి అలంకరణ పూర్తి చేసుకుంటుంది. అది మెట్టినిల్లు. ఆపైన ఊరేగింపుగా ఆలయానికి చేరి పూజలందుకున్న ప్రతిమను ఆ సాయంత్రమే విరూపం చేస్తారు. రూపం ఇచ్చేది ఒక కులం, అలంకరించేది మరొక కులం, ఆరాధించేది ఊరంతా. శాలివాహన గాథలోని రూపానికి, ప్రాణానికి మధ్య విభజన ఇక్కడ సామాజిక విధిగా పాటింపులో ఉంది.

ఈ ఆచారంలో అభ్యాసచరిత్రకు సంబంధించిన కీలకాంశం విరూపం. రాతివిగ్రహాన్ని ఒకసారి చెక్కితే శతాబ్దాల పాటు మళ్లీ చెక్కవలసిన పనిలేదు. ఆ శిల్పి విద్య అతనితోనే ముగిసినా విగ్రహం నిలుస్తుంది. మట్టి ప్రతిమ ఒక్కరోజే ఉంటుంది కనుక ఏటా చేయాలి. ఏటా చేయాలి కనుక చేయగలిగినవారు ప్రతితరంలోనూ ఉండాలి. తండ్రి చేస్తున్నప్పుడు కొడుకు మట్టి అందించాలి. పండుగ తేదీ ఈ విద్యకు పాఠశాల గంట. వస్తువు నశించడమే విద్య నిలవడానికి కారణమైంది.

ఈ సూత్రం ఇతర సందర్భాలకు కూడా వర్తిస్తుంది. జ్యేష్ఠ అమావాస్యనాడు కర్ణాటకలో, దానిని ఆనుకొన్న కర్నూలు పశ్చిమ గ్రామాలలో మట్టి ఎద్దులను చేసి పూజిస్తారు. వినాయక చవితికి తెలుగు ఇళ్లలో పచ్చిమట్టితో ఏనుగు తల గల దేవుణ్ణి, అతని వాహనమైన ఎలుకను చేస్తారు. తొండం ఎటు వంగాలి, చెవి ఎలా నిలవాలి అనే పాఠం కుమ్మరి కులానికి వెలుపల కూడా ప్రతి ఇంటికీ చేరింది ఈ ఒక్క పండుగ ద్వారానే.

7. వర్తమాన స్థితి

అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్ పాత్రలు వంటింటి నుంచి కుండను తొలగించాయి. రోజువారీ కుండలకు గిరాకీ తగ్గడంతో సారె అభ్యాసం తగ్గింది. సారె తగ్గితే అతుకుపనికి పునాది కరువవుతుంది. విగ్రహాల విషయంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులు మట్టి స్థానాన్ని ఆక్రమించాయి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మేలో సవరించిన మార్గదర్శకాలలో ప్లాస్టర్ విగ్రహాలను నిషేధించి మట్టివాటిని ప్రోత్సహించింది. పర్యావరణ దృష్టితో వచ్చిన ఈ నిర్ణయం కుమ్మరి విద్యకు కూడా ఒక అవకాశం కల్పించింది. అయితే మట్టి విగ్రహాన్ని సైతం మూసలో పోసి అమ్మితే విద్య మూసచెక్కిన చేతి వద్దే ఆగిపోతుందనే కొండాపురం పాఠాన్ని మరువరాదు.

ఖాదీ గ్రామీణ పరిశ్రమల సంఘం కుమ్మరులకు విద్యుత్ సారెలను పంపిణీ చేస్తున్నది. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన ప్రధానమంత్రి విశ్వకర్మ పథకం 18 వృత్తులను గుర్తించింది. ప్రాథమిక శిక్షణకు 5 నుంచి 7 రోజులు, ఉన్నత శిక్షణకు 15 రోజులు కేటాయించి, రోజుకు 500 రూపాయల భృతిని, 15 వేల రూపాయల పనిముట్ల సహాయాన్ని ప్రకటించింది. ఈ జాబితాలో కుమ్మరి ఒక వృత్తి, శిల్పి మరొక వృత్తి, సంప్రదాయ బొమ్మల తయారీదారు వేరొక వృత్తి. మట్టి గుర్రాన్ని చేసే వ్యక్తి ఈ మూడింటిలో ఎవరు? అతడు సారె తిప్పుతాడు, రూపం మలుస్తాడు, బొమ్మలు చేస్తాడు. అభ్యాసక్రమంలో ఒకటిగా సాగిన విద్య పరిపాలనా వర్గీకరణలో మూడుగా చీలింది. బాల్యం నుంచి సాగిన అభ్యాసానికి 15 రోజుల శిక్షణ తోడు కాగలదు గాని ప్రత్యామ్నాయం కాజాలదు.

ఉదయగిరిలోనే దీనికి పోల్చదగిన మరో కళ ఉంది. స్థానిక ముస్లిం కుటుంబాలు సమీపపు కొండల కలపతో చేసే చెంచాలు, గరిటెలు 'ఉదయగిరి కొయ్య కట్లరీ' పేరుతో భౌగోళిక గుర్తింపు పొందాయి. పేరు, స్థలం, చేసే సమూహం స్పష్టంగా నమోదు కావడం వల్ల ఆ కళకు చట్టపరమైన రక్షణ, మార్కెట్ లభించాయి. అదే సీమ మట్టిపనికి అటువంటి గుర్తింపు లేదు. జాతీయ విద్యావిధానం 2020, 6 నుంచి 8 తరగతుల విద్యార్థులు పది రోజులపాటు పుస్తకసంచి లేకుండా స్థానిక వృత్తి నిపుణుల వద్ద నేర్చుకోవాలని సూచిస్తూ, ఆ నిపుణులలో కుమ్మరిని పేరుతో ప్రస్తావించింది. ఆ పది రోజులు చెరువుగట్టున మట్టి తొక్కడంతో మొదలైతే, ఈ విద్య కుటుంబం దాటి బడిలో ప్రవేశించగలదు.

8. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. తెలుగుసీమలో జంతురూప మృత్కళ సారెకు ముందే, నవీన శిలాయుగపు పశుపాలకుల చేతిబొమ్మగా మొదలైంది. శంఖవరం పేటిక నాటికి బోలుదేహాన్ని కాళ్లమీద నిలిపే ఉన్నతనైపుణ్యంగా ఎదిగింది.

2. ఉదయగిరి పాలకుల చెరువు నిర్మాణ సంస్కృతి వ్యవసాయంతో పాటు కుమ్మరి వృత్తికీ పరోక్షంగా ఆధారమై ఉండవచ్చు.

3. పిల్లల ఆటగా కనిపించే మట్టి ఎద్దు కుమ్మరి శిక్షణలో తొలిపాఠం. శాలివాహన గాథ ఈ వాస్తవాన్ని ఐతిహ్యరూపంలో భద్రపరచింది.

4. మూస వాడకం ఉత్పత్తిని పెంచినా రూపకల్పనా విద్యను కొద్దిమందికి పరిమితం చేస్తుంది.

5. విసర్జన, విరూపం వంటి ఆచారాలు ప్రతిమను నశింపజేసి, తిరిగి చేయించి, విద్యను కాపాడాయి. కనుక ఈ కళను మ్యూజియంలో వస్తువుగా భద్రపరచడం ఒక్కటే చాలదు. చేసే సందర్భాలను కాపాడుకోవాలి.

ఉదయగిరి బాలకృష్ణుడి చరిత్రను శిల నిలిపింది. మట్టి ఏనుగు చరిత్రను నిలపవలసింది చేతులే. పశ్చిమ నెల్లూరు గ్రామాలలో సారె తిప్పడం తెలిసిన వృద్ధుల నుంచి పనిముట్ల పేర్లను, పాత్రల పేర్లను, ఆవం పేర్చే పద్ధతులను వారి మాటల్లోనే నమోదు చేయడం తెలుగు శాఖలలోని పరిశోధకులకు అందుబాటులో ఉన్న పని. ఆ పదజాలం తెలుగు నిఘంటువుకు ఎంత అవసరమో, ఈ విద్యను రేపు నేర్చుకోదలచిన బాలుడికి అంతకన్నా ఎక్కువ అవసరం.